నెలలోపు బిడ్డకు తల్లి నుంచి మలేరియా: ఎలా పట్టుకోవాలి, ఏ వరసలో

"పుట్టి మూడు వారాలు కూడా కాలేదు, మంచానికి దోమతెర కట్టే ఉంచాం, అయినా మలేరియా అంటున్నారు, ఎట్లా వస్తుందండీ?" ఈ ప్రశ్న ఈ మధ్య చాలామంది అడిగారు. ఆశా వర్కర్లు ఇంకో రకంగా అడుగుతున్నారు, ఒకసారి స్లయిడ్ (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) నెగెటివ్ వస్తే ఇక వదిలేయొచ్చా అని. కొత్తగా చేరిన టెక్నీషియన్లేమో బిడ్డ మడమ నుంచి రక్తం తీసే దగ్గరే తడబడుతున్నారు. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నా.

నేను డాక్టర్ని కాదు, గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ని. స్లయిడ్లు చూడటం నా పని. కాబట్టి ఇందులో మందుల డోసులు ఉండవు, వాటి కోసం వెతక్కండి. ఇంకోమాట, నెలలోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఉంచి రేపటిదాకా చూద్దాం అనుకునే పని కాదు. ఈ పేజీ తర్వాతైనా చదవొచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్ళండి.

1. ముందు తల్లిని అడగండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మలేరియా తక్కువ. ఇబ్బంది అక్కడే ఉంది. తక్కువ కాబట్టి ఎవరికీ గుర్తు రాదు, గుర్తు రాదు కాబట్టి పరీక్ష రాయరు. జ్వరం అంటే డెంగీ, పసిబిడ్డ అయితే సెప్సిస్ (ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్), అంతే.

నా తప్పే చెప్తా. కొన్నేళ్ళ కిందట, మిర్చి కోతలు జోరుగా ఉన్న రోజులు, ఒక ఆసుపత్రి నుంచి 19 రోజుల బిడ్డ రక్తం వచ్చింది. యాంటీబయాటిక్ ఐదు రోజులుగా నడుస్తోంది, జ్వరం తగ్గట్లేదు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. ప్లేట్‌లెట్లు లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టి రిపోర్టు ఇచ్చేశా. అదే స్లయిడ్‌లో ఎర్ర కణాల్లో వైవాక్స్ (మలేరియా క్రిముల్లో ఒక జాతి) కూర్చుని ఉంది, నేను చూడలేదు, ఎందుకంటే నన్నెవరూ దానికోసం చూడమనలేదు. రెండో రోజు ఒక సిస్టరు ఆ తల్లిని ఏ ఊరని అడిగితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచి మిరపకాయలు కోయడానికి వచ్చామంది, ఐదో నెలలో చలిజ్వరం వచ్చిందని కూడా చెప్పింది. అప్పుడు పాత స్లయిడ్ తీసి మళ్ళీ చూశాను. బిడ్డ కోలుకుంది కానీ ఆ ఒక రోజు ఆలస్యం మాత్రం నాదే.

అందుకే మొదటి పని సూదితో కాదు, నోటితో. తల్లినో, పక్కనున్న అమ్మమ్మనో ఇవి అడగండి:

- మీ సొంత ఊరు ఏది? కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారు? పాడేరు, అరకు, చింతపల్లి, రంపచోడవరం, చింతూరు వైపు గానీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ గానీ వెళ్ళారా?
- ఇంట్లో ఎవరైనా ఇటుక బట్టీకో, మిర్చి కోతకో, బిల్డింగు పనికో అటునుంచి వచ్చారా?
- కడుపుతో ఉన్నప్పుడు చలి, వణుకుతో జ్వరం వచ్చిందా? ఏ నెలలో?
- మలేరియా అని ఎప్పుడైనా చెప్పారా? కోర్సు పూర్తిగా వాడారా?
- కాన్పుకి ముందు వారంలో గానీ, తర్వాత గానీ తల్లికి జ్వరం ఉందా?
- బిడ్డకు రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఎక్కించారా? దాతల రక్తానికి మలేరియా పరీక్ష చేస్తారు, అయినా అడగాలి.

మలేరియా ఎప్పుడో వచ్చిందన్నా కొట్టిపారేయకండి. వైవాక్స్ క్రిములు కొన్ని లివర్‌లో నెలల తరబడి నిద్రపోతాయి. వాటిని చంపే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు. అంటే మూడో నెలలో జ్వరం వచ్చి మందుతో తగ్గిన తల్లికి ఎనిమిదో నెలలో, కొత్తగా దోమ కుట్టకుండానే మళ్ళీ రావచ్చు. కనీసం రెండేళ్ళ వెనక్కి అడగండి.

తల్లికి జ్వరమే రాలేదంటే? అప్పుడు కూడా గీత గీసేయకండి. మలేరియా ఎక్కువున్న ఊళ్ళలో పెరిగిన వాళ్ళకు ఒంట్లో క్రిములున్నా జ్వరం తెలియకపోవచ్చు.

2. ఏ రోజుల్లో కాచుకోవాలి

చాలామంది అనుకునేది, తల్లి నుంచి వస్తే పుట్టగానే కనబడాలిగా అని. అలా జరగదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రక్షణ ప్రోటీన్లు), పసిబిడ్డ రక్తంలో ఉండే ప్రత్యేకమైన హిమోగ్లోబిన్, రెండూ క్రిములను కొన్నాళ్ళు అణిచి ఉంచుతాయి. కాబట్టి మామూలుగా లక్షణాలు 10 నుంచి 30 రోజుల మధ్య బయటపడతాయి. కొందరిలో మొదటి రోజే, కొందరిలో రెండు నెలలకు.

ఆసుపత్రి కాన్పు అయితే ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి కదా. ఇందులో 14, 21, 28 సరిగ్గా ఈ కిటికీలోనే పడతాయి. ఆ మూడు సార్లూ బరువు, పాలతో పాటు ఒంటి వేడి, కింది కనురెప్ప లోపలి రంగు కూడా చూడండి. డిశ్చార్జి రోజు బాగుందని ఇంటికెళ్ళాక ఎవరూ తొంగి చూడకపోవడమే ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగే పొరపాటు.

తల్లి నుంచి వచ్చిందా, దోమ నుంచి వచ్చిందా అనేది కూడా రోజుల లెక్కే. దోమ కుట్టాక క్రిములు ముందు లివర్‌లో దాదాపు వారం గడిపి తర్వాత రక్తంలోకి వస్తాయి. అంటే పుట్టిన 7 రోజుల లోపే రక్తంలో కనబడితే తల్లి నుంచే. ఆ తర్వాత కనబడితే తల్లి స్లయిడ్, ఆమె తిరిగిన ఊళ్ళు, ఇంటి చుట్టూ కేసులు, అన్నీ కలిపి చూడాలి. వైద్యం దానికోసం ఆగదు లెండి.

3. బిడ్డలో ఏం చూడాలి

పెద్దవాళ్ళలాగా చలి, వణుకు, చెమట అని వరసగా రావు. పసిబిడ్డ వణకడు.

- చంకలో 99.5 ఫారన్‌హీట్ దాటిన వేడి, లేదా ఒళ్ళు చల్లబడటం
- పాలు సరిగా తాగకపోవడం, చన్ను పట్టి వదిలేయడం
- మందకొడిగా పడుకోవడం, లేదా ఊరికే చిరాకుగా ఏడవడం
- పాలిపోవడం (అరచేతులు, పెదాలు చూడండి)
- కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోవడం, తగ్గి మళ్ళీ పెరగడం
- కడుపు ఎడమవైపు గట్టిగా తగలడం, పెద్దవాళ్ళు బల్ల అంటారే, ఆ స్ప్లీన్
- ల్యాబ్‌లో: ప్లేట్‌లెట్లు తగ్గడం, హిమోగ్లోబిన్ కారణం లేకుండా పడిపోవడం

ఇవన్నీ సెప్సిస్‌లో కూడా వస్తాయి. కాబట్టి అదా ఇదా అని తగువు పడొద్దు, బ్లడ్ కల్చర్ పంపండి, మలేరియా స్లయిడూ పంపండి. డాక్టరు యాంటీబయాటిక్ మొదలుపెడితే మలేరియా రిపోర్టు కోసం ఆపమని అడగకండి. రెండూ కలిసే ఉన్న బిడ్డలు ఉంటారు.

4. కాన్పు రోజే చేయగలిగినవి

తల్లి మీద ముందే అనుమానం ఉంటే లేబర్ రూములోనే మూడు నమూనాలు తీసుకోవచ్చు. పిల్లల వార్డుకు పోయాక ఇవి దొరకవు, మాయ అయితే చెత్తలోకి పోతుంది.

తల్లి రక్తం: స్లయిడ్, కిట్టు పరీక్ష (చుక్క రక్తం వేస్తే గీతలు చూపేది) రెండూ.

మాయ: ఫాల్సిపారం (మలేరియాలో ఇంకో జాతి) క్రిములు మాయలో అతుక్కుని దాక్కుంటాయి, తల్లి వేలి రక్తంలో ఒక్కటి కూడా కనబడకపోవచ్చు. తల్లివైపు నుంచి చిన్న ముక్క కోసి, గాజుగుడ్డతో అద్ది, స్లయిడ్ మీద రెండు మూడు చోట్ల ఒత్తండి. మిగతా ముక్కను ఫార్మలిన్‌లో పెట్టి పాథాలజీకి పంపండి.

బొడ్డుతాడు రక్తం: ఇక్కడ జాగ్రత్త. తాడు కోసి కారుతున్న రక్తాన్ని పట్టేస్తారు, దాంట్లో తల్లి రక్తం కలిసిపోతుంది. క్లాంపు పెట్టాక తాడును శుభ్రమైన గాజుగుడ్డతో తుడిచి, సిరంజితో సిరలోంచి లాగండి.

బొడ్డుతాడు పాజిటివ్ అంటే బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు, చాలామంది బిడ్డల్లో ఆ క్రిములు వాటంతటవే పోతాయి. కాకపోతే ఆ బిడ్డను వదలకూడదు. బిడ్డ ఒంట్లోంచి విడిగా తీసిన రక్తమే చివరి మాట.

5. మడమ నుంచి రక్తం తీయడం

ముందు సిద్ధం చేసుకోండి, బిడ్డను పట్టుకున్నాక వెతుక్కుంటే కుదరదు:

- జిడ్డు లేని కొత్త స్లయిడ్లు నాలుగు, వాటిమీద పెన్సిలుతో పేరు, తేదీ, టైము ముందే రాసి
- పిల్లల లాన్సెట్ (లోతు 2.4 మిల్లీమీటర్లు దాటనిది)
- స్పిరిట్ దూది, పొడి దూది, గోరువెచ్చని తడిగుడ్డ
- కిట్టు, దాని బఫరు, ఎక్స్‌పైరీ తేదీ చూసి
- తల్లి

తల్లి ఎందుకంటే, ఒళ్ళో పెట్టుకుని పాలిస్తుండగా గుచ్చితే బిడ్డ తక్కువ ఏడుస్తుంది, మీ చెయ్యి కూడా కుదురుగా ఉంటుంది.

గుడ్డతో మడమను మూడు నుంచి ఐదు నిమిషాలు వెచ్చబెట్టండి. గుడ్డ వేడి ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి, తడి స్పిరిట్ తగిలితే కణాలు పగిలి స్లయిడ్ పాడవుతుంది. మడమ పక్కభాగంలో, అరికాలి వైపు గుచ్చాలి, మధ్యలో గానీ వెనక వంపు మీద గానీ వద్దు. నెలలోపు బిడ్డకు వేలు గుచ్చకూడదు, ఎముక మరీ దగ్గర.

మొదటి చుక్క తుడిచేయండి. తర్వాత చుక్క దానంతటది వచ్చేదాకా ఆగండి, రాకపోతే కాలిని కొంచెం కిందికి దించండి. నిమ్మకాయ పిండినట్టు పిండొద్దు, కణజాలం నీరు కలిసి క్రిములు పలచబడతాయి.

సిర నుంచి ఈడీటీఏ ట్యూబులోకి (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) రక్తం తీస్తుంటే అదే చాలు, మళ్ళీ గుచ్చక్కర్లేదు. కాకపోతే గంటలోపు స్లయిడ్ వేయండి. ఆ ట్యూబు మధ్యాహ్నందాకా ట్రేలో కూర్చుంటే క్రిముల ఆకారం చెదిరిపోయి ఏ జాతో చెప్పలేం.

6. స్లయిడ్ వేయడం, రంగు పట్టించడం

మందపు పూత, పలుచని పూత రెండూ కావాలి. మందపు పూతలో ఉందా లేదా తెలుస్తుంది, పలుచని దాంట్లో ఏ జాతో తెలుస్తుంది.

పసిబిడ్డ రక్తం చిక్కగా ఉంటుంది. పెద్దవాళ్ళకు వేసినంత చుక్క వేస్తే మందపు పూత పెంకులాగా ఎండి, కడిగేటప్పుడు ఊడి సింకులో పడుతుంది. సగం చుక్క వేసి సెంటీమీటరు వెడల్పున తిప్పండి. తడిగా ఉన్నప్పుడు స్లయిడ్‌ను న్యూస్ పేపరు మీద పెడితే అక్షరాలు కనీకనబడకుండా ఉండాలి, అదీ కొలత. పలుచని పూతకు కూడా చుక్క చిన్నదే, స్లయిడ్ కోణం కాస్త తగ్గించండి.

బల్లపరుపుగా ఆరబెట్టండి, మూత పెట్టి. ఈగలు, చీమలు అరనిమిషంలో పూతను తినేస్తాయి, నవ్వులాట కాదు. వర్షాకాలంలో మన దగ్గర తేమకి ఆరదు, అందుకని దీపం మీద పెట్టేవాళ్ళను చూశా, వేడి తగిలితే మందపు పూత బిగిసిపోయి రంగు పట్టదు.

పలుచని పూతకు మాత్రమే మిథనాల్, కొన్ని సెకన్లు. అది మందపు పూత మీదికి పాకకుండా స్లయిడ్ వంచి పట్టుకోండి. తర్వాత జీమ్సా రంగు: అర్జెంటయితే 10 శాతం, పది నిమిషాలు. తీరిక ఉంటే 3 శాతం, 45 నిమిషాల నుంచి గంట. కలపడానికి 7.2 పీహెచ్ బఫరు నీళ్ళే వాడాలి. కుళాయి నీళ్ళు, క్యాను నీళ్ళు వాడి రంగు ఎర్రగా వచ్చిందని నాకు ఫోటోలు పంపొద్దు.

7. చూడటం, లెక్కపెట్టడం

ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో మందపు పూతలో కనీసం 100 ఫీల్డులు. బిడ్డ విషయంలో నేను 200 చూస్తా. ఎర్రటి చుక్క, దాన్ని అంటుకుని నీలం ఉంగరం లేదా ముద్ద, రెండూ ఉంటేనే క్రిమి. పలుచని పూతలో ఎర్ర కణం ఉబ్బి, లోపల గులాబీ చుక్కలు చల్లినట్టుంటే వైవాక్స్. కణం మామూలు సైజులోనే ఉండి సన్నటి ఉంగరాలు, ఒక్కోసారి ఒక ఉంగరానికి రెండు చుక్కలు, లేదా అరటిపండు ఆకారం కనబడితే ఫాల్సిపారం.

పసిబిడ్డ స్లయిడ్‌లో మోసం చేసేవి ఎక్కువ:

- ఎర్ర కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్. ఫైన్ ఫోకస్ కొద్దిగా తిప్పితే రెండూ ఒకే మట్టంలో లేవని తెలిసిపోతుంది, చుట్టూ తెల్లటి అంచు కూడా ఉంటుంది.
- కేంద్రకం ఉన్న ఎర్ర కణాలు. మొదటి రోజుల్లో ఇవి మామూలే.
- హోవెల్ జాలీ చుక్కలు (ఎర్ర కణంలో మిగిలిపోయిన కేంద్రకపు తునకలు). గుండ్రంగా ఒక్క చుక్క, నీలం భాగం ఉండదు.
- రంగు మడ్డి. కణాల మీదే కాక ఖాళీల్లో కూడా ఉంటుంది.

లెక్క దగ్గర ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. 200 తెల్ల కణాలకు ఎన్ని క్రిములో లెక్కపెట్టి, తెల్ల కణాలు మైక్రోలీటరుకు 8,000 అనుకుని గుణించేస్తారు. పసిబిడ్డల్లో ఆ సంఖ్య బాగా ఎక్కువగా ఉండొచ్చు. అదే రోజు సీబీసీలో (రక్త కణాల లెక్క పరీక్ష) వచ్చిన అంకె వేయండి. ఉదాహరణకు 12 క్రిములు, తెల్ల కణాలు 15,000 అయితే లెక్క 900 వస్తుంది, 8,000 వేసి ఉంటే 480 అని రాసేవాళ్ళం. రేపటి స్లయిడ్‌తో పోల్చాల్సింది ఈ అంకెనే, అందుకే అంత పట్టింపు.

నెగెటివ్ అయితే వట్టి "నెగెటివ్" అని కాకుండా "200 ఫీల్డులు చూశాం, కనబడలేదు" అని రాయండి.

8. కిట్టు పరీక్ష, మిగతా పరీక్షలు

కిట్టు పావుగంటలో తేలుస్తుంది, రాత్రి పూట టెక్నీషియన్ లేనప్పుడు అదే దిక్కు. కానీ దాని పరిధి తెలిసి వాడాలి. క్రిములు కొద్దిగానే ఉంటే గీత రాదు. కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్టు చెల్లదు, ఇంకోటి తీయండి. పెట్టె మీద రాసిన టైముకే చదవండి, టీ తాగొచ్చి చూస్తే పాత కిట్టులో కూడా గీతలు మొలుస్తాయి.

ఫాల్సిపారం గీత ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. క్రిములు చచ్చాక కూడా ఆ ప్రోటీన్ వారాల పాటు రక్తంలో ఉంటుంది. కాబట్టి మందు పనిచేసిందా అని చూడటానికి ఆ కిట్టు పనికిరాదు. కాన్పుకి ముందు తల్లి మందు వాడి ఉంటే, బిడ్డలో మొదటి రోజుల్లో వచ్చిన సన్నటి గీతను స్లయిడ్‌తో సరిచూడకుండా నమ్మొద్దు.

పీసీఆర్ (క్రిముల డీఎన్ఏను వెతికే పరీక్ష) వీలుంటే ఈడీటీఏ ట్యూబు పంపండి. స్లయిడ్ దాటేసిన కొద్దిపాటి క్రిములను అది పడుతుంది. యాంటీబాడీ పరీక్ష మాత్రం డబ్బు దండగ, తల్లి యాంటీబాడీలు మాయలోంచి బిడ్డకు వస్తాయి కాబట్టి అది తల్లి పాత కథే చెప్తుంది.

9. నెగెటివ్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి

అనుమానం గట్టిగా ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్ళీ తీయండి, మొత్తం మూడు సార్లు. జ్వరం ఎక్కినప్పుడే తీయాలని కాచుక్కూర్చోవద్దు, ఎప్పుడైనా సరే.

బిడ్డ ఎలా ఉంది, ఏం వచ్చింది అన్నదాన్ని బట్టి:

- తల్లి పాజిటివ్, బిడ్డ బాగుంది, స్లయిడ్ నెగెటివ్: ఇంటికి పంపొచ్చు. 28వ రోజుదాకా చూస్తూ ఉండాలి, ఏ కాస్త జ్వరం వచ్చినా అదే రోజు స్లయిడ్. డిశ్చార్జి కాగితం మీద, తల్లీబిడ్డల కార్డు మీద "తల్లికి మలేరియా" అని రాయించండి. ఇది రాయకపోతే మూడో వారంలో వేరే ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుకు ఎలా తెలుస్తుంది?
- తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్: మాయ స్లయిడ్ ఉంటే చూడండి, తల్లికి మళ్ళీ చేయండి, రక్తం ఎక్కించారేమో మళ్ళీ అడగండి.
- బిడ్డ పాజిటివ్, లక్షణాలు లేవు: డాక్టరుకు వెంటనే చెప్పాలి, రేపు ఓపీలో చూపిద్దామని ఆగొద్దు.
- మూడూ నెగెటివ్, జ్వరం తగ్గట్లేదు: పీసీఆర్, ఇంకా వేరే కారణాలు.

10. పాజిటివ్ వచ్చాక

పసిబిడ్డల ప్రత్యేక విభాగం ఉన్న చోటికి చేర్చాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది, 108లో వెళ్ళొచ్చు. వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు రంగు వేసిన స్లయిడ్ కూడా ఇచ్చి పంపండి, అక్కడివాళ్ళు మళ్ళీ చూసుకుంటారు. దారిలో పాలు ఆపొద్దు. తల్లి పాల ద్వారా మలేరియా రాదు. ఈ అపోహతో బిడ్డకు డబ్బా పాలు పట్టించిన అత్తగారు ఒకామె నాకు తెలుసు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు పూటలు పట్టింది.

ఇంట్లో మిగిలిపోయిన మలేరియా మాత్రలు అరగదీసి పోయకండి. వైవాక్స్ అయినా సరే తల్లి నుంచి వచ్చినప్పుడు బిడ్డ లివర్‌లో నిద్రపోయే క్రిములు ఉండవు, నేరుగా రక్తంలోకే వస్తాయి కాబట్టి ప్రైమాక్విన్ అవసరమే రాదు, పైగా ఆ వయసుకు అది ఇవ్వకూడదు కూడా. తల్లికి ఎప్పుడు ఏది ఇవ్వాలో డాక్టరు విడిగా చెప్తారు. తల్లి పరీక్ష మర్చిపోవద్దు, బిడ్డ హడావుడిలో అందరూ మర్చిపోయేది ఇదే.

జిల్లా మలేరియా ఆఫీసుకు కబురు పంపితే ఇంటి చుట్టూ, పనిచేసే చోట ఉన్నవాళ్ళకు కూడా రక్తం చూస్తారు. బట్టీలోనో, కోతల గుడిసెల్లోనో ఉంటున్న కుటుంబమైతే ఇది చాలా ముఖ్యం, పక్క గుడిసెలో ఇంకో నిండు చూలాలు ఉండొచ్చు.

మందు మొదలయ్యాక కిట్టు కాదు, స్లయిడే. 3, 7, 14, 28 రోజులకు. క్రిములు పోయాక కూడా హిమోగ్లోబిన్ కొన్ని వారాల పాటు జారొచ్చు, ముఖ్యంగా ఆర్టిసునేట్ అనే మలేరియా మందు ఇంజెక్షన్ ఇచ్చిన బిడ్డల్లో, అందుకని స్లయిడ్‌కు వచ్చిన ప్రతిసారీ అదే గుచ్చుడులో హిమోగ్లోబిన్ కూడా చూసి కార్డు మీద రాయించుకోండి. ఇంతలో ఆ కుటుంబం కోతలు అయిపోయి సొంతూరు వెళ్ళిపోతుంటే కార్డు ఫోటో తీసి మీ ఫోనులో పెట్టుకుని, మిగిలిన తేదీలు అక్కడి ఆశా వర్కర్‌కు ఫోన్ చేసి చెప్పండి.